అమ్మ బీడీల చాట

చిన్నతనంలో అమ్మ ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టిన చాటను ఎల్లారెడ్డిలో అమ్మమ్మ దాచి ఉంచింది. అడుగున్నర వెడల్పు వెదురు చాట. పొగాకు వాసన ఇంకా పోలేదు. మా ఇంట్లో పుట్టిన పిల్లలను మొదట అందులోనే పడుకోబెడతారు. అక్కకు కూతురు పుట్టగానే అమ్మమ్మ దాన్ని బస్సులో కామారెడ్డిలోని మా ఇంటికి తెచ్చింది.

అమ్మ అడ్డుపడింది. "వద్దవ్వా. ఇది పట్టినంకనే నా బడి బందయింది. మనుమరాలికి కొత్త చాట కొన్న."

"నీ పిల్లలిద్దరు ఇందుల పండుకొనే సదువుకున్నరు గదనే!"

"వాళ్లు సదివింది పుస్తకాలు, చాట కాదు."

అమ్మమ్మ చాటను చంకన పెట్టుకొని చెప్పుల కోసం వెతికింది. అమ్మ దాన్ని లాక్కుంది. తన పాత చీర మడతపెట్టి అందులో పరిచి, పాపను పడుకోబెట్టి, మెల్లగా చెప్పింది:

"పండుకో బిడ్డా. ఇది ఒళ్లె వెట్టుకొని కూసునుడు మాత్రం నీకొద్దు."