పొమేరియన్ ముందుకాలు

మా అత్తయ్యగారి పొమేరియన్ కుక్క నా చేతుల్లోంచి జారి వంటింటి గచ్చు మీద పడింది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి చెల్లెలితో మాట్లాడుతున్నాను. ఒకచోట కుదురుగా ఉండటం నాకెప్పుడూ చేతకాదు. రెండు కిలోలు కూడా లేని ప్రాణి. దాని కేకకి అత్తయ్యగారు పూజ మధ్యలో లేచొచ్చారు. కుడి ముందుకాలు వేలాడుతోంది.

"ఏమైందమ్మా?"

"సోఫా మీంచి దూకిందండి" అన్నాను. అలా ఎందుకన్నానో తెలీదు.

మండపేటలో పశువుల డాక్టరుగారు అట్టముక్క పెట్టి కట్టు కట్టి, "ఇంత చిన్న ఎముకకి నా దగ్గర సామాను లేదండి, రాజమండ్రి తీసుకెళ్లండి" అన్నారు. దారంతా ధాన్యం లారీలే. అత్తయ్యగారి ఒళ్లో, తువ్వాల్లో అది వణుకుతూనే ఉంది. నేను కారు అద్దం దించడం, ఎత్తడం.

రాజమండ్రి డాక్టరుగారు ఎక్స్‌రే చూపించారు. మణికట్టు పైన రెండు ఎముకలూ విరిగాయి. "ఈ చిన్న జాతి కుక్కలకి అక్కడ రక్తం తక్కువ అందుతుందండి. కట్టుతో సరిగ్గా అతకదు, ప్లేటు వెయ్యాలి. ఎక్కణ్ణుంచి పడింది?"

"సోఫా మీంచండి" అన్నారు అత్తయ్యగారు.

"అయితే పర్లేదు. ఇంకా ఎత్తు నుంచైతే ఛాతీకీ దెబ్బ తగలొచ్చు. అది చూడకుండా మత్తిస్తే ప్రమాదం."

నేను బల్ల దగ్గరికి జరిగాను. "సోఫా కాదండి. నుంచుని ఎత్తుకున్నాను, చేతుల్లోంచి పడింది."

అత్తయ్యగారు ఒక్కసారి నా వైపు చూసి తల తిప్పుకున్నారు. డాక్టరుగారు ఛాతీకి కూడా ఎక్స్‌రే తీశారు. దెబ్బేం లేదు. ఆపరేషన్‌కి తీసుకెళ్లారు.

వరండా నుంచి గేటుకి, గేటు నుంచి వరండాకి తిరుగుతూనే ఉన్నాను. టీ తెచ్చుకుని తాగకుండానే పారబోశాను.

"కూర్చోవే, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నారు చివరికి అత్తయ్యగారు.

"తిడతారని భయపడ్డానండి."

"చేతులన్నాక జారతాయి. దానికి నాకేం కోపం లేదు. ఆయన అడక్కపోయుంటే చెప్పేదానివా?"

వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

ప్లేటు వేశారు డాక్టరుగారు. గోరంత వెడల్పున్న స్టీలు ముక్క, చిట్టిచిట్టి మరలు. "ఆరు వారాలు బోనులోనే ఉంచాలండి. గెంతకూడదు. ఎవరు చూసుకుంటారు?"

"మా కోడలు" అన్నారు అత్తయ్యగారు, నన్నడక్కుండానే.

బోను వంటింట్లో పెట్టాను, ఫోన్ అవతలి గదిలో వదిలేశాను. అది ఊచలు గీరితే నేను లేచేదాన్ని, నేను లేస్తే అది మొరిగేది. దొడ్లోకి ఎత్తుకెళ్లడం, మళ్లీ లోపల పెట్టడం. రెండో వారానికి బోనులో పెట్టింది దాన్నా నన్నా అనిపించింది. తలుపు తీసేద్దామని ఎన్నిసార్లు చెయ్యి చాచానో! అత్తయ్యగారు కుక్క సంగతి తప్ప నాతో ఇంకేం మాట్లాడేవారు కాదు.

ఆరు వారాలయ్యాక ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది. డాక్టరుగారు కింద వదిలితే మూడు కాళ్ల మీదే గుమ్మందాకా వెళ్లింది. "కాలు ఎత్తిపెట్టడం అలవాటైందండి. రోజూ కొంచెం కొంచెం నడిపించండి."

నడిపించాను. కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున్న అన్నం వారుస్తుంటే దొడ్లోంచి అత్తయ్యగారి కేక.

"అమ్మాయ్, తొందరగా రా! కాకి వెనక ఎలా పరిగెడుతోందో చూడు, నాలుగు కాళ్లతోనూ!"

గిన్నె అక్కడే దించేసి పరిగెత్తాను.