తెల్ల మచ్చ

మొన్న ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే, మా పాత ఫొటోగ్రాఫర్ల గ్రూపులో ఒక ఫొటో వచ్చి ఉంది. గ్రూపు అని పేరే గానీ ఇప్పుడు మిగిలింది ఆరుగురం. అందులో ఇద్దరు తెల్లారగానే గులాబీ పూల బొమ్మలు పంపడం తప్ప వేరే పని పెట్టుకోరు. ఆ ఫొటో పంపింది మా డ్రాయింగు మాస్టారు. ఎనభై ఏళ్లు దాటినా కెమెరా వదలలేదాయన. పసుపు మార్కెట్లో కుప్ప పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ, ఆమె వెనక ఎవరో నడిచిపోతున్న మనిషి. ఐదు నిమిషాలు కాకముందే ఒకాయన "ఎన్కల మనిషి మన కన్ను గుంజుకుంటున్నడు సార్" అని రాశాడు. ఇంకో ఐదు నిమిషాలకు మాస్టారు అదే ఫొటోను మళ్లీ పెట్టారు. వెనక మనిషి లేడు. ఫోన్‌లో వేలితో రుద్దితే పోతాడట. అందరూ వరసగా బొటనవేళ్లు ఎత్తారు. నేను మాత్రం ఫోన్ బోర్లా పెట్టేశాను.

పందొమ్మిది వందల ఎనభైలు సగం దాటిన రోజుల్లో ఇలాంటి గ్రూపే మాకు నిజామాబాద్‌లో ఉండేది. గాంధీ చౌక్ వెనక సందులో ఒక స్టూడియో, దాని యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఊళ్లో సగం పెళ్లిళ్లు ఆయన కెమెరాలోంచే జరిగాయని చెప్పుకునేవారు. ఆయన మాత్రం పెళ్లి ఫొటోలను ఫొటోలనే లెక్కలో వేసేవాడు కాదు. ఆదివారం పొద్దున షట్టరు సగం దించి, ఆరేడుగురం బల్ల చుట్టూ చేరేవాళ్లం. ఒక్కొక్కరు ఆ వారం తీసిన మనుషుల ఫొటో ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాలి. పెళ్లివి పనికిరావు, పూలు పనికిరావు, సూర్యాస్తమయం తెచ్చినవాడికి చాయ్ కూడా దొరికేది కాదు. ఉస్తాద్ నియమాలు రెండు. మొదటిది, అందరూ ముగించేదాకా ఫొటో పెట్టినవాడు నోరు తెరవకూడదు. "ఫొటో ఒకరింటికి పోయినంక దాని ఎంబడి నువ్వు గూడ పోతవా బేటా, గిది గిట్ల అని చెప్పనీకి?" అనేవాడు. రెండోది, తప్పు తేలిన ప్రింటు ఆ గది దాటి బయటికి పోకూడదు, తెచ్చినవాడే అక్కడే చింపెయ్యాలి. ఎన్ని ప్రింట్లు చింపానో నాకు లెక్క లేదు. మా ముక్కలు చాయ్ గ్లాసుల మీద మూతలుగా పనికొచ్చేవి. నా మొదటి ఏడాది కష్టమంతా ఈగలు పడకుండా కాపలా కాసింది.

అయినా ఆదివారం కోసం ప్రాణం పెట్టేవాణ్ని. నాకు బస్టాండ్ దగ్గర పాస్‌పోర్టు ఫొటోలు తీసే చిన్న దుకాణం ఉండేది. రోజంతా "గదువ పైకెత్తు, కండ్లు ముయ్యకు" అనడమే పని. అందుకే వారానికో పూట దుకాణం మూసి, బోధన్ బస్సెక్కి, అటునుంచి చెరుకు ఊళ్ల మీద పడేవాణ్ని. సీజన్లో ఆ దారంతా చెరుకు బండ్లే. ఎడ్ల గంటలు, చెరుకు ఆకు దుమ్ము, దూరం నుంచే ముక్కుకు తగిలే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. తూకం కోసం వరుస కట్టిన బండ్ల కింద మనుషులు గొంగడి పరుచుకుని పడుకునేవారు. నా కెమెరా రెండు కళ్లది, పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి లోపలికి తొంగి చూడాలి. కోటగిరి పక్క ఒక అవ్వ నన్ను చాలాసేపు గమనించి, "గీ పిలగాడు పొట్టల ఏం పోగొట్టుకున్నడే, గంత దేవులాడుతుండు" అంది. ఆ మాట బల్ల దగ్గర చెబితే నెలరోజులు నన్ను ఆ మాటతోనే పిలిచారు.

రెంజల్ దాటాక ఒక ఊళ్లో, గడప మీద కూర్చుని బీడీలు చుడుతున్న ఒక ఆడమనిషిని చూశాను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పక్కన గుడ్డ ఊయలలో నెలల పిల్ల. ఎండ సరిగ్గా గడప దాకా వచ్చి ఆగింది. ఆమె చేతుల మీద వెలుగు, వెనక ఇంట్లో చిమ్మచీకటి. అలాంటి వెలుగు కోసం ఏడాది తిరిగినా దొరకదు. "చెల్లె, ఒక్క ఫొటో తీసుకుంటా" అని అడిగితే, "నన్నేం తీస్తవే అన్నా, పని బట్టల మీదున్న" అంటూనే చేతులు ఆపకుండా చుట్టింది. రోల్‌లో మూడు ఫొటోలే మిగిలాయి. రెండు తీశాక ఆమె భర్త వచ్చాడు. చెరుకు బండి తోలి, తూకం దగ్గర రెండు రోజులు నిలబడి అప్పుడే ఇల్లు చేరాడట. నన్ను దాటుకుని లోపలికి పోయి, చెంబు ముంచి నీళ్లు తాగుతున్నాడు. తెల్ల బనీను, తెల్ల ధోవతి. ఆమె వెనక్కి తిరగకుండానే, "లోపట సీకట్ల నిలవడ్డవేంది, బైటికొచ్చి తాగు" అంది. నేను మాత్రం "కదలకు తమ్మీ, అట్లనే ఉండు" అన్నాను. చెంబు నోటి దగ్గరే పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. మూడో ఫొటో అది. ప్రింటు తెచ్చిస్తానని చెప్పి బస్సెక్కాను.

ఆ ఆదివారం మూడోదాన్ని పెద్ద సైజులో వేసి బల్ల మీద పెట్టాను. అందరూ ఒక్కసారే బల్ల మీదికి వంగారు. ఉస్తాద్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ప్రింటును ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. "గీ చేతులు మస్తున్నయ్ బేటా. గానీ ఎన్కల గా తెల్లది ఏంది? కన్ను చేతుల కాడికి పోకముందే గాడికి పోతున్నది" అన్నాడు. డ్రాయింగు మాస్టారు రెండు అట్టముక్కలు పెట్టి ఎటునుంచి కొయ్యాలో చూశారు. ఎటు కోసినా ఆమె భుజం కూడా పోతోంది. మిగతావాళ్లూ ఆ మాటే అన్నారు, తెల్ల మచ్చ, తెల్ల మచ్చ అని. అది మచ్చ కాదు, ఆమె మొగుడు, రెండు రోజుల తర్వాత ఇల్లు చేరి నీళ్లు తాగుతున్నాడు అని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. ఫొటో పెట్టినవాడు మాట్లాడకూడదు. అందరూ ముగించాక మాట్లాడవచ్చు నిజమే. కానీ అప్పటికి నాకూ అది మచ్చలాగే కనిపించడం మొదలైంది. ఇన్నేళ్లయినా నన్ను నేను క్షమించుకోలేనిది ఆ కాసేపటికే.

ప్రింటు వేసేటప్పుడు ఎక్కువ వెలుగిచ్చి దాన్ని నల్లబరచవచ్చు కదా అని ఎవరో అన్నారు. అలా చేస్తే బూడిద రంగు నీడ ఒకటి మిగిలిపోతుందని ఉస్తాద్ ఒప్పుకోలేదు. నెగెటివ్ తెమ్మన్నాడు. నెగెటివ్‌లో తెలుపు నల్లగా ఉంటుంది, ఆ నలుపును గీకేస్తే ప్రింటులో అక్కడ చీకటి పడుతుంది. మొటిమలు, మచ్చలు తీసెయ్యడానికి స్టూడియోల్లో పెన్సిలు వాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, బ్లేడు పట్టగలిగినవాడు మా జిల్లాలో ఉస్తాద్ ఒక్కడే. గడియారాలు బాగుచేసేవాళ్ల భూతద్దం కంటికి తగిలించుకుని, సగం విరిచిన బ్లేడుతో గంటసేపు గీకాడు. ధోవతి పోయింది, బనీను పోయింది, చెంబు పోయింది. ముఖం దగ్గర ఒక్క క్షణం ఆగి, "తలకాయొక్కటి ఉంచి ఏం జేస్తం" అని అదీ గీకాడు. బల్ల మీద పడ్డ నల్లటి పొడిని ఫూ అని ఊదాడు. నేను పక్కనే నిలబడి ఆ పనితనానికి మురిసిపోయాను. ఆ తర్వాత నియమం ప్రకారం, తెచ్చిన ప్రింటును నా చేతులతో నేనే నాలుగు ముక్కలు చేశాను.

కొత్త ప్రింటు హైదరాబాద్ పోటీకి పోయి ప్రశంసాపత్రం తెచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి దుకాణంలో పాస్‌పోర్టు ఫొటోలకు కూర్చునేవాళ్లకు కనబడేట్టు తగిలించాను. ఆ చెల్లెకు ప్రింటు ఇవ్వాలన్న సంగతి ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది, మళ్లీ సీజన్ మొదలైతే ఎలాగూ అటు పోతాను కదా అనుకున్నాను.

సీజన్ కంటే ముందు ఆమే వచ్చింది. ఒక మధ్యాహ్నం దుకాణం ముందు చంకలో పిల్లతో నిలబడి, "బోధన్ దిక్కు తిరిగే ఫొటో అన్న మీరేనా" అని అడిగింది. నుదుటి మీద బొట్టు లేదు. అది చూసి కుర్చీ వేశాను. మూడు నెలల కింద, సీజన్ చివర్లో, కాలువ కట్ట మీద చెరుకు బండి బోల్తా పడిందట, అతను దాని కింద నలిగి చనిపోయాడట. ఆమె ఏడవకుండానే చెప్పింది. ఏడుపు అప్పటికి అయిపోయినట్టుంది. "ఇంట్ల ఆయినది ఒక్క ఫొటో లేదన్నా. లగ్గంల గూడ తీపియ్యలె. మీరు తీసిన దాంట్ల ఉన్నడు గద, నా ఎన్కల నిలవడి నీళ్లు తాగిండు. గది ఇస్తే, పిల్లకు మీ బాపు గిట్లుండె అని సూపిచ్చుకుంట" అంది.

గోడకున్న ఫ్రేమే దించి ఆమె చేతిలో పెట్టాను. అంతమంది మెచ్చుకున్న తన చేతులను ఆమె చూడనే లేదు. తిన్నగా తన భుజం వెనక్కి చూసింది. వెలుగు దగ్గరికి పోయి చూసింది. వేలితో ఆ నల్లటి చోటును తాకి, "ఈడనే ఉండాలె గద" అంది. అప్పుడైనా నిజం చెప్పవలసింది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "లోపట చీకటుండె గద చెల్లె, పడలేదు." ఆమె తల ఊపింది. "నేనప్పుడే అన్న, బైటికొచ్చి తాగు అని. ఇన్నడా? నేను ఇంకోపారి గట్టిగ అనకపోతిని" అంది. చచ్చిపోయినవాడి మీద ఒక తప్పు, బతికి ఉన్నదాని మీద ఒక తప్పు నేనే వేసి, ఆమెను బస్సెక్కించాను. ఆ ఫ్రేమును కొంగులో చుట్టుకుని పట్టుకుపోయింది. "పడకున్నా గీడనే ఉన్నడు గద" అంది పోతూ పోతూ.

సాయంత్రమే ఉస్తాద్ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన కంటికున్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. "గాయిన ఆమె మొగుడని ఒక్క మాట చెప్పకపోతివి బేటా" అన్నాడు. "మీరే మాట్లాడొద్దంటిరి" అన్నాను. ఇద్దరి మాటలూ నిజమే. ఆ తర్వాత ఆయన మనుషుల నెగెటివ్ మీద బ్లేడు పెట్టగా నేను చూడలేదు. కొన్నేళ్లకు కలర్ ల్యాబులు వచ్చాయి, ఆదివారాలు పలచబడ్డాయి, ఉస్తాద్ కూడా పోయాడు. ఆ స్టూడియోలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయ్యాక, ఒక పెళ్లి పని మీద రెంజల్ పోయి, నిజం చెప్పేద్దామనే ఆ ఊరికి వెళ్లాను. అంతకాలం ఎందుకు పట్టిందంటే భయం తప్ప వేరే జవాబు లేదు. గడప మీద ఒళ్లో చాటతో అచ్చం అలాగే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నేనెవరో చెప్పుకోగానే, "మామా, మా అవ్వ పోయిన యాడాది పోయింది" అని తల్లి సంగతి చెప్తూ లోపలికి పిలిచింది. గోడకు నా ఫొటో. అద్దం మీద, ఆ నల్లటి చోటులో, మనిషి నుదురు ఉండేంత ఎత్తున కుంకుమ బొట్టు. రోజూ పెట్టి పెట్టి ఆ చోట అద్దం మసకబారింది. తల్లి పోయాక ఆ పని కూతురు చేస్తోందట. బొట్టు పెట్టిన చోటు సరైనదో కాదో చెప్పగలిగినవాణ్ని లోకంలో నేనొక్కడినే మిగిలాను. నేనూ చెప్పలేకపోయాను.

"మీరు సూసిండ్రు గద మామా, మా బాపు ఎట్లుండె?" అని అడిగింది. నేను ఎంత తవ్వుకున్నా నాకు గుర్తొచ్చింది తెల్ల ధోవతి, తెల్ల బనీను. ఎన్నో గంటలు ఆ నెగెటివ్‌ను చూసినవాణ్ని, ముఖం చూడలేదు. ముక్కెలా ఉండేదో, మీసం ఉండేదో లేదో కూడా తెలియదు. "పొడుగ్గుండె" అన్నాను. అది కూడా అబద్ధమే కావచ్చు. ఆమె ముఖం విప్పారింది. "ఇప్పుడు కంప్యూటర్ల సీకటి ఫొటోలను తెల్లగ చేస్తరంట గద. మా బాపును గా సీకట్లకెల్లి బైటికి తీయరాదా మామా?" అంది. నిజం చెప్పడానికే పోయాను. "చూస్తా బిడ్డా" అన్నాను. తల్లికి ప్రింటు తెస్తానన్నట్టే.

మాస్టారి ఫొటో ఇంకా గ్రూపులో ఉంది, పసుపు కుప్ప పక్కన ముసలమ్మ ఒంటరిగా. ఆ నడిచిపోయిన మనిషి ఎవరు సార్ అని రాసి, పంపకుండా చెరిపేశాను. చూస్తానని చెప్పి వచ్చి పదిహేనేళ్లు దాటిపోయింది. లెక్కేసుకుంటే, ఆ పిల్లకు ఈపాటికి తన బాపు కంటే ఎక్కువ వయసే వచ్చి ఉంటుంది.