తాళాల రిజిస్టరులో ఖాళీ గడులు

యాభై ఆరేళ్లు నిండేదాకా నాకు అక్షరాలు రావు. అందుకే ఈ సంగతి అప్పుడే రాయలేకపోయాను. చెన్నై పక్క తిరువొత్తియూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరుగా ఇరవై ఆరేళ్లు పనిచేశాను. సీసాలను మూత రంగును బట్టి, బీరువాలో వాటి చోటును బట్టి గుర్తుపట్టేదాన్ని.

కరోనా వల్ల క్లాసులు ఆన్‌లైన్‌కు మారిన ఏడాది జరిగిందిది. లెక్చరర్ల పనిని వారానికి ఎన్ని గంటల క్లాసు అని లెక్కపెడతారు. మా కాలేజీలో పదహారు ఉంటేనే ఫుల్‌టైం. అంతకుముందు మా కెమిస్ట్రీ లెక్చరర్ సుజాత మేడం అరవైమందికి మూడు బ్యాచులుగా, బ్యాచికి మూడు గంటలు ప్రాక్టికల్ చేయించేవారు. థియరీతో కలిపి పదిహేడు గంటలు. ఆన్‌లైన్‌లో అందరికీ ఒకే వీడియో కదా, మూడు గంటలే లెక్క అన్నారు ప్రిన్సిపల్. మేడం ఫుల్‌టైం పోయేలా ఉంది.

ఆ ఒక్క వీడియోకు మేం నాలుగు రోజులు ల్యాబు తెరిచేవాళ్లం. ఫోను నేను పట్టుకునేదాన్ని. ఫ్లాస్కులో రంగు మారే క్షణం సరిగా పడకపోతే మళ్లీ మొదటినుంచీ చేయాలి. తరువాత అరవైమంది రికార్డు నోట్సుల ఫొటోలు, సగం మసకగా, అడ్డంగా మేడం ఫోనుకు వచ్చేవి, ఒక్కోటీ చూసి తప్పులు రాసి పంపాలి.

"మునెమ్మక్కా, క్లాసులో ఒకసారి చెప్పే మాటని అరవైసార్లు టైపు చేస్తా ఉండా," అన్నారు మేడం ఒకరోజు.

"ఇంట్లో కూచోనే జీతమంట మేడం, ఆడ ఆఫీసులో అంటుండారు."

"అయితే ఒక పూట నా ఫోను ఆళ్లకిచ్చి నువ్వూ నేనూ ఇంట్లో కూచుందాం రా!"

ల్యాబు ఎంతసేపు తెరిచి ఉంటోందో వాచ్‌మన్ దగ్గరుండే తాళాల రిజిస్టరులో చూడమని మేడం ప్రిన్సిపల్‌ను అడిగారు. నా వేలిముద్రలు వరసగా ఉన్నాయి. తెరిచిన టైము, మూసిన టైము గడులు మాత్రం ఖాళీ. తాళం తీసుకున్నవాళ్లే అవి నింపాలి. వాచ్‌మన్ ఏళ్ల తరబడి నా చేత ముద్ర వేయించి ఊరుకున్నాడు, నేనూ ఊరుకున్నాను. తెరిచింది అయిదు నిమిషాలో అయిదు గంటలో ఎలా తెలుస్తుందన్నారు ప్రిన్సిపల్. ఆ నెల నుంచే మేడం పార్ట్‌టైం అయ్యారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

క్లాసులో నిలబడ్డ గంటలు అందరికీ కనిపిస్తాయి. మిగతా గంటలు రాసిపెట్టకపోతే లెక్కలోకి రావు. నాకు తెలిసింది ఇంతే.

ప్రిన్సిపల్ ఆ మాటన్న మర్నాడు పొద్దున వాచ్‌మన్ ఇంకు ప్యాడు నా ముందుకు జరిపాడు. వద్దని పెన్ను అడిగాను.

"ఏమ్మా, ఇస్కూల్లో చేరినావా?" అని నవ్వాడు.

ఎనిమిదయ్యేదాకా ఆగి, గోడ గడియారంలో ఎనిమిది చూసి, తెరిచిన టైము గడిలో ఒక సున్నా మీద ఇంకో సున్నా గీశాను. అందులో పట్టక కింది గీత దాటింది. అలాగే వదిలేసి వెళ్లి ల్యాబు తెరిచాను.