జేబులో ఫ్యూజులు

కలప కోతమిల్లులో ఒక పాత మాట ఉంది. పది వేళ్ళూ ఉన్నవాడు నిన్ననే పనిలో చేరినవాడు అని. ఆ లెక్కన అక్కడ కరెంటు పని చేసే వైర్‌మ్యాన్ పాతవాడే. కుడిచేతికి చిటికెన వేలు లేదు, దాని పక్క వేలు లేదు. వీధిలో అందరూ అతన్ని ఎనిమిది అంటారు. ముఖం మీదే అంటారు. పలుకుతాడు.

ఆ రెండు వేళ్ళు రంపం తినలేదు. మిల్లు గోడలో ఉన్న కరెంటు పెట్టె తిన్నది.

పదకొండేళ్ళ కిందటి సంగతి. పెట్టెలో ఒక నట్టు వదులైంది. మెయిన్ హ్యాండిల్ దించమని బావమరిదికి చెప్పాడు. బావమరిది అంటే భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళినాటికి నాలుగేళ్ళవాడు, ఎనిమిది భుజాలెక్కి తిరిగినవాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళొచ్చి, రంపం నడపడం నేర్చుకుంటున్నాడు.

"దించాను బావా" అని కేక వినపడింది.

ఎనిమిది చేయి పెట్టెలో ఫ్యూజులు బిగించిన రాతిపలక వెనక్కి పోయింది. తెల్లటి వెలుగు వచ్చింది. తర్వాత కాలిన మాంసం వాసన. అది తనదేనని తెలియడానికి కొంతసేపు పట్టింది. నేల మీదినుంచి చూస్తే ఒకటే కనిపించింది. బావమరిది చేయి హ్యాండిల్ మీద ఉంది.

"నేను వెయ్యలేదు బావా. సరిగ్గా దిగిందా లేదా అని పట్టుకుని చూస్తున్నా."

ఎవరూ నమ్మలేదు.

రెండు నెలలకు కట్టు విప్పారు. మర్నాడే ఎనిమిది మిల్లు గేటు దగ్గర కాపేశాడు. చేతిలో పెద్ద పానా. ఎడమచేత్తో కొట్టడం అలవాటు లేదు కాబట్టి రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. మొదటిది భుజానికి తగిలింది. రెండోది దవడను విరిచింది. మూడు పళ్ళు మట్టిలో పడ్డాయి. పెద్దమనుషులు కూర్చుని, వేళ్ళకూ దవడకూ చెల్లుకు చెల్లు అన్నారు. దవడ వంకరగా అతుక్కుంది. ఆ కుర్రవాడి అసలు పేరు పోయి, దవడ అన్నదే పేరైంది.

అక్క తన మొగుడి మాటే నమ్మింది. తమ్ముణ్ణి గడప తొక్కనివ్వలేదు. తల్లి పోయినప్పుడు అక్కాతమ్ముళ్ళు శవానికి చెరోవైపు కూర్చున్నారు. ఏడ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఎనిమిది మళ్ళీ పనిలో పడ్డాడు. ఎడమచేత్తో గుండీలు పెట్టుకోవడం, పళ్ళతో వైరు ఒలవడం నేర్చుకున్నాడు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాడు. ఎక్కడ పెట్టె తెరిచినా ముందు మెయిన్ ఫ్యూజులు మూడూ ఊడపీకి ప్యాంటు జేబులో వేసుకుంటాడు. పింగాణీవి, పిడికిలంతేసి ఉంటాయి. జేబు కిందికి వేలాడుతుంది. నడుస్తుంటే టకటకమంటాయి. ఎనిమిది గుడ్లు పొదుగుతున్నాడు అని నవ్వేవాళ్ళు నవ్వుతారు. హ్యాండిల్ ఎవడైనా ఎత్తగలడు. జేబులో చెయ్యి పెట్టాలంటే మాత్రం తనను చంపాలి.

ఇప్పుడు ఆ మిల్లు యజమానురాలు కబురు పెట్టింది. పెట్టెలోంచి పొగ వస్తోంది.

"పెట్టె పీకితే దాంతో పాటు గోడ కూడా వచ్చేస్తుంది. పై డబ్బా అలాగే ఉంచి లోపలి సరంజామా అంతా మార్చాలి. చేస్తావా?"

"వేరేవాళ్ళెవరూ దొరకలేదా అమ్మా?"

"ముగ్గురొచ్చారు. తలుపు తెరిచారు. మూశారు. టీ తాగి వెళ్ళారు."

"అతను ఉంటాడుగా అక్కడ."

"ఉంటాడు. నీ కోసం దవడలాంటి పనివాణ్ణి పంపెయ్యలేను. మిగతావాళ్ళకు ఆ పూట సెలవిస్తా, అతను రంపం పళ్ళు నూరుకుంటూ తన మానాన తను ఉంటాడు. ఇంకో మాట. మేడ మీద మా ఇంటికి కరెంటు ఆపొద్దు. ఫ్యాను ఆగితే మా మామగారు నన్ను నమిలేస్తారు."

ఆదివారం పొద్దున ఎనిమిది పెట్టె తెరిచాడు. లోపల జానెడు మందాన రంపపు పొట్టు ఉంది. రాగి పట్టీలు నల్లబడి ఉన్నాయి. రెండు పట్టీల మధ్య ఒక బల్లి ఎండి అంటుకుపోయి ఉంది. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. హ్యాండిల్ విప్పాడు. పట్టీలు విప్పాడు. పగిలిన పింగాణీలు విప్పి గోనె మీద పేర్చాడు. పన్నెండడుగుల దూరంలో దవడ ఇటు వీపు పెట్టి రంపం పన్ను తర్వాత పన్ను ఆకురాయితో రాస్తున్నాడు. ఆ చప్పుడు ఎముక మీద రాసినట్టుంది.

ఇక రాతిపలక మిగిలింది. నాలుగు బోల్టులు. దాని వెనక్కే ఆనాడు చేయి పోయింది.

ఎనిమిది టెస్ట్ ల్యాంపు తీశాడు. బల్బు, దానికి రెండు వైర్లు, అంతే; కరెంటు ఉన్నచోట తాకితే వెలుగుతుంది. ఒక వైరు పెట్టెకు ఆనించాడు. రెండోదాన్ని పుల్లకు కట్టి పలక వెనక్కి తోశాడు.

బల్బు నిండుగా వెలిగింది.

ఎనిమిది ఆలోచించలేదు. పానా చేతిలోనే ఉంది. పన్నెండడుగులు పరిగెత్తాడు. వెనక్కి తిరగబోతున్న మనిషి భుజం మీద కొట్టాడు. ఈ పదకొండేళ్ళలో ఎడమచెయ్యి బాగా అలవాటైంది. దవడ దుంగల మీద పడ్డాడు. పెదవి చిట్లింది. ఎనిమిది అతని రొమ్ము మీద మోకాలు పెట్టి, పానా గొంతుకు అడ్డంగా నొక్కాడు.

"మళ్ళీ వేశావురా? ఈసారి చెయ్యంతా కావాలా నీకు? చెప్పరా, ఎక్కణ్ణుంచి వేశావు?"

దవడ తన్నుకున్నాడు. ముఖం నల్లబడింది. పానాను రెండు చేతులతో కొద్దిగా ఎత్తి, ఆ సందులోంచి మాట బయటికి తీశాడు.

"ఫ్యూజులు నీ జేబులో ఉన్నాయి బావా."

బావా అన్న మాట పదకొండేళ్ళ తర్వాత వినపడింది. ఎనిమిది తొడకు ఏదో గట్టిగా నొక్కుకుంటోంది. చెయ్యి పెట్టి చూశాడు. ఒకటి. రెండు. మూడు. వెనక బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

లేచాడు. పెట్టె దగ్గరికి వెళ్ళాడు. బోల్టులు విప్పి, ఎండు చెక్కతో రాతిపలకను పక్కకు తోశాడు.

వీధిలోంచి వచ్చే కేబులుకు, ఫ్యూజుల దాకా రాకముందే, ఒక వైరు అతికి ఉంది. అది గోడ వెంట దిగి, పెట్టె అడుగున కన్నంలోంచి బయటికి పోయింది. బయట ఎవరో కోసేశారు. లోపలి ముక్కకు ప్రాణం అలాగే ఉంది. అతుకు మీద టేపు కాలి విచ్చుకుంది. టేపు కింద దారం చుట్టి ఉంది. నీలం దారం.

అతుకు మీద ముందు దారం చుట్టి, ఆ పైన టేపు వేసే వైర్‌మ్యాన్ ఊరికి ఒక్కడే. ఆ నీలం దారం కొత్తగా కాపురానికొచ్చిన భార్య కుట్టుపెట్టెలోంచి తీసింది.

ఇరవయ్యారేళ్ళ కిందట పెద్ద యజమాని అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. మేడ మీద ఫ్యాను కింద ఉన్న యజమానురాలి మామగారే ఆయన. "పొట్టు అంటుకుందంటే ముందు ఫ్యూజులు పీకేస్తారు. అప్పుడు నీళ్ళ మోటారు ఆగకూడదు. ఫ్యూజుల కంటే ముందునుంచే దానికి లైను తియ్యి." తీశాడు. తర్వాత ఆ మోటారు పాత ఇనుముకు పోయింది. లైను సంగతి ఎవరికీ గుర్తులేదు. వైర్‌మ్యాన్ పరాయి అతుకు ఒక్కటీ మరిచిపోడు. తనవే మరిచిపోతాడు.

ఇప్పుడు ఆ అతుకు కొయ్యాలి. కొయ్యాలంటే మిల్లుకూ మేడకూ కలిపి లైనిచ్చే గేటు దగ్గర స్తంభం ఫ్యూజులు పీకాలి. పీకితే మేడ మీద ఫ్యాను ఆగుతుంది. ఫ్యాను ఆగితే ఎవరో ఒకరు పరుగున వచ్చి మళ్ళీ పెట్టేస్తారు. ఎవరైనా అక్కడ కాపలా నిలబడాలి. మిల్లులో ఉన్నది ఇద్దరు. ఒకడు చెయ్యి లోపల పెట్టాలి. రెండోవాడు ఫ్యూజులు పట్టుకోవాలి.

నిజం పనయ్యాక చెప్పొచ్చు. అప్పటికి చెయ్యి బయట ఉంటుంది.

దవడ నెత్తురు ఉమ్ముకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏంటది?"

ఎనిమిది వెనక్కి తిరగలేదు. "అతుకు" అన్నాడు. చెక్కతో దాన్ని చూపించి, "నేను వేసిందే. నువ్వు స్కూలుక్కూడా పోని రోజుల్లో, పెద్దాయన నీళ్ళ మోటారుకు లైను తియ్యమంటే. హ్యాండిల్ దించినా, ఫ్యూజులు పీకినా దీనికి కరెంటు పోదు. ఆ రోజు నన్ను కొట్టింది ఇదే" అన్నాడు.

దవడ దుంగల దగ్గరికి వెళ్ళి పానా తీసుకొచ్చాడు. అతనిది కుడిచేతి వాటం. ఒక్క దెబ్బ చాలింది. ఎనిమిది పక్కటెముక పుల్లలా విరిగింది. మోకాళ్ళ మీద పడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు. పానా మళ్ళీ లేచి, ఎనిమిది దవడకు సూటిగా గాలిలో నిలిచింది.

చాలాసేపు నిలిచింది.

"నోటి జోలికి పోను" అన్నాడు దవడ. "దాంతో పనుంది. అక్కకు నువ్వే చెప్పాలి."

పానా పడేసి గేటు వైపు వెళ్ళాడు.

కాసేపటికి బల్బు ఆరింది. ఎనిమిది చీకటి బల్బును చూస్తూ కూర్చున్నాడు. ఆరిన బల్బు మళ్ళీ వెలగడానికి రెప్పపాటు చాలు. గోడ పట్టుకుని లేచి, కుడిచెయ్యి లోపలికి పెట్టాడు. గేటు దగ్గర గొడవ వినపడింది. యజమానురాలి గొంతు, దాని మీద వంకర నోటి కేక.

"ఫ్యాను లేకపోతే చెమటే కదమ్మా పట్టేది! ఇది పెడితే అక్కడ మనిషి పోతాడు. జరగండి. జరగండంటున్నానా!"

ఎనిమిది అతుకు కోశాడు. కొత్త చట్రం బిగించాడు. కొత్త పట్టీలు, కొత్త బ్రేకర్లు వరసగా ఎక్కించాడు. ప్రతి నట్టుకూ పక్కటెముక కలుక్కుమంది. ఒకసారి కక్కుకున్నాడు. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ బల్బు ఆరే ఉంది.

గేటు దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"ఇవ్వు, పెట్టేస్తా."

"అక్కకు చెప్పాక."

"పెద్దాయన ఉడికిపోతుంటాడు రా."

"లైను తియ్యమంది ఆయనే కదా. ఉడకనీ."

ఇద్దరూ నడిచారు. ఎండ నెత్తి మీద ఉంది. ఈసారి టకటకలు దవడ జేబులోంచి వచ్చాయి.

ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. వంగి నడిచే మొగుణ్ణి చూసింది. చొక్కా మీద నెత్తురుతో ఉన్న తమ్ముణ్ణి చూసింది.

"వీడెందుకొచ్చాడు?"

ఎనిమిది కుడి అరచెయ్యి చాపాడు. మూడు వేళ్ళ మధ్య కోసిన అతుకు ఉంది. కాలిన టేపు కింద నీలం దారం. తప్పు ఎవరిదో చెప్పాడు. మూడు మాటల్లో అయిపోయింది.

ఆమె దారాన్ని చూసింది. గుర్తుపట్టింది. తమ్ముడి ముఖం వైపు తిరిగి, వంకరగా అతికిన ఎముక వెంట చూపు నడిపించింది. తలుపు వారగా జరిగింది.

"లోపలికి రా" అంది.

పిలిచింది ఎవరినో ఇద్దరికీ తెలుసు. దవడ గడప మీద ఆగి, జేబులోంచి స్తంభం ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి బావ చేతుల్లో పెట్టాడు. లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

ఎనిమిది ఫ్యూజులు జేబులో వేసుకున్నాడు. తర్వాత పక్కటెముక పట్టుకుని, స్తంభం దాకా వెనక్కి నడిచాడు.