పెనుమూడి దాటని నడక

1984 ఫిబ్రవరి 12, ఆదివారం. ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. కొల్లూరు దగ్గర కృష్ణ కరకట్ట మీద మంచు దట్టంగా పరచుకొని ఉంది. గాలి లేదు. కట్టకు ఆవల లంకల్లోని అరటితోటలు ఆనవాలు పట్టడం లేదు. తెనాలిలో తెలుగు పండితులైన వెంకటరాఘవయ్యగారు బంధువుల ఇంట శుభకార్యానికి వచ్చి, చక్కెర వ్యాధికి వైద్యుడు విధించిన నడకను ఆ కట్ట మీద తీర్చుకుంటున్నారు. వారికి నాలుగడుగుల ముందు చేతికర్రతో ఒక మనిషి నడుస్తున్నాడు. ఒక హద్దురాయి రాగానే అతడు దాన్ని కర్రతో తాకి, ఇక ముందు లోకమే లేనట్టు గిరుక్కున వెనుదిరిగాడు.

“అదేమిటయ్యా, అవతల కట్ట లేదా?”

“ఎందుకు లేదండి? అది కొండయ్య బీటు. నాది ఈ ఆరుమైళ్ళేనండి.”

అతని పేరు మహబూబ్ సుభాని. కరకట్టకు కావలి కాసే లస్కరు. కట్టలో ఎలుక బొరియలు పూడ్చడం, ఊట కనబడితే పైవారికి కబురు చేయడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆరుమైళ్ళే పోతూ వస్తూ ఉన్నాడు.

“మరి ఈ కట్ట ఎందాకా పోతుంది?”

“సముద్రందాకా అంటారండి. సూర్యలంకలో సముద్రం చూశాగానీ, మన కట్ట పోయి ఎక్కడ ఆగుద్దో చూళ్ళేదు. కాలికి పనుంటే కోరికకి సెలవుండదు గదండి.”

ఆ మాట పండితులవారి మనసులో నాటుకుంది. కట్టను మొదలునుంచి చివరిదాకా నడిచి చూడాలని, ఆ మాఘంలోనే ఇద్దరూ అది మొదలయ్యే సీతానగరం దగ్గర కట్ట ఎక్కారు. ఏటికొక విడత, మాఘమాసంలో ఒక ఆదివారం. వరద నాలుగు నెలలూ సుభానికి ఊపిరి సలపదు. మాఘం దాటితే పంతులుగారికి పరీక్షలు. ఆగినచోటనే మళ్ళీ మొదలుపెట్టాలి, ఒకరిని విడిచి ఒకరు పోరాదు అన్నవి పంతులుగారి నియమాలు. మూడవది సుభాని చేర్చాడు.

“నడవని కట్ట నడిచానని చెప్పకూడదండి. మాలో ఒకడు చూడని చోటు చూశానన్నాడు. ఆ చోటే నీళ్ళు కోసేసినయ్యి.”

ధర్మశాస్త్రంలో సూత్రాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నారు ఆ మాటను రాఘవయ్యగారు.

మొదటి మూడేళ్ళు ఎవరి క్యారేజీ వారు విప్పుకొని పెడమొగంగా కూర్చుని తిన్నారు. నాలుగో ఏట సుభాని భార్య గౌస్ బీ పంపిన గోంగూర పచ్చడిని పంతులుగారు వేలితో తాకి రుచి చూశారు. ఐదో ఏట అడిగి వేయించుకున్నారు. ఆమె మాత్రం ఇద్దరినీ వదిలేది కాదు.

“బాపట్లలో బస్సెక్కితే అరగంటలో సముద్రం! మీరేమో ఏళ్ళ తరబడి పోతానే ఉన్నారు. చీమలు బయల్దేరినా ఈపాటికి చేరిపోయేయి పంతులుగారూ!”

“చీమలకు నియమం లేదమ్మా,” అనేవారు వారు.

1991లో ఎనిమిదో విడత. కట్ట కోసుకుపోయి మరమ్మతు జరుగుతున్నచోట పనివారి మేస్త్రీ బసవేశ్వరరావు అడ్డుపడ్డాడు. “జారితే నా పీకకి చుట్టుకుద్దండి. ట్రాక్టరెక్కండి, అవతల దింపుతా.” ఇద్దరూ ఎక్కారు. రెండు ఫర్లాంగులు. అక్కడినుంచి పెనుమూడి రేవుదాకా నడిచారు. ఇక మిగిలింది ఒక్క విడతే. కాని ఆ రెండు ఫర్లాంగులు రాఘవయ్యగారికి పంటికింద రాయి అయ్యాయి.

ఆ ఏడే సుభాని ఉద్యోగ విరమణ చేసి, బాపట్లలో కూతురు హమీదా ఇంటికి చేరాడు. మరుసటి మాఘానికి ముందు పంతులుగారికి కార్డు రాయించాడు: “ఈ ఏడు కట్ట చివర చూపించండి సార్. గుండె బాగాలేదంటన్నారు.”

1992 ఫిబ్రవరి 23న రేపల్లె బస్టాండులో కలుసుకున్నారు. సుభాని చెంపలు లోపలికి పోయాయి. అయినా కళ్ళలో వెలుగు.

“అదిగోండి సార్, పెనుమూడి బస్సు. బయల్దేరతంది.”

“ముందు ఆ రెండు ఫర్లాంగులు, సుభానీ.”

“ఇప్పుడవి ఎవరడిగారండి?”

“నీవే చెప్పావు కదయ్యా, నడవని కట్ట నడిచామనరాదని.”

సుభాని బస్సు వైపు ఒకసారి చూశాడు. తరువాత నవ్వాడు. “లస్కరు దగ్గర చదువు నేర్చి లస్కరుకే బెత్తం చూపించే పంతుల్ని ఇక్కడే చూశా. పదండి, సముద్రం ఎక్కడికి పోద్ది!”

పెనుమూడి బస్సు వెళ్ళిపోయింది. వీరు రెండు బస్సులు మారి, గండి పూడ్చినచోటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కొత్తమట్టి ఇంకా బిగియలేదు, అడుగు వేస్తే మడమదాకా దిగబడుతుంది. ఆ రెండు ఫర్లాంగుల్లో సుభాని ఏడుసార్లు కూర్చున్నాడు. చివర కర్రతో నేలను తట్టి, “ఇప్పుడు నడిచామండి,” అన్నాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి.

“వచ్చే మాఘంలో చివరి విడత,” అన్నారు రాఘవయ్యగారు.

“అట్టాగేనండి.”

మళ్ళీ మాఘం వచ్చేసరికి సుభాని మంచం దిగడం లేదు. పాదాలు పొంగిపోయాయి, ఇక నడక మాట తలపెట్టవద్దని వైద్యులు చెప్పారు. రాఘవయ్యగారు బాపట్ల వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు.

“మీరొక్కరే పోయి చూసి రండి సార్. ఎట్టుందో చెప్పండి.”

“ఒకరిని విడిచి ఒకరు పోరాదని కదా ఒప్పందం.”

“దాన్ని కొట్టేస్తన్నానండి. నేను కొట్టేస్తే చాలదా?”

హమీదా టీ గ్లాసు అందిస్తూ, కోపం లేకుండానే అడిగింది: “ఆ రోజు రేపల్లెలో మా నాన్న చూపించిన బస్సెక్కితే అయిపోయేదంట కదండి?”

“అయిపోయేదమ్మా,” అన్నారు వారు. టీ చల్లారిపోయింది.

మహబూబ్ సుభాని 1993 జూలై 9, శుక్రవారం నాడు బాపట్లలో మరణించాడు. గౌస్ బీ కూతురి దగ్గరే ఉండిపోయింది. వెంకటరాఘవయ్యగారు ఆ ఏడే ఉద్యోగ విరమణ చేశారు. మరుసటి మాఘంలో పెనుమూడిదాకా బస్సులో వెళ్ళి, కట్ట ఎక్కి, కొంతసేపు నిలబడి తెనాలికి తిరిగి వచ్చారు. 1998లో చక్కెర వ్యాధివల్ల కాలి పుండు మానక వారి కుడికాలు మోకాలి కిందికి తీసివేశారు. మరుసటి సంవత్సరం మార్చిలో వారు మరణించారు. పెనుమూడికి దిగువన ఉన్న కట్టను ఇద్దరిలో ఎవరూ నడవలేదు.