దావీదు మళ్లీ సితారా వాయించాడా?

మా చిన్నప్పుడు... దావీదు రాజు చేసిన తప్పులన్నీ నేను మా పెద్దమ్మ బీడీల చాట పక్కన కూర్చుని విన్నాను. చర్చిలో కాదు!

బాన్సువాడలో మా చిన్న చర్చికి మా అమ్మ వాళ్ల అక్కే సండే స్కూల్ టీచరు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు... చేతులు బీడీలు చుడుతుంటే నోరు బైబిలు కథలు చెప్పేది. ఎవరైనా ఎగతాళి చేస్తే "చుట్టుడు నా పని, తాగుడు మీ పాపం... పోండ్రి" అనేది.

ఆ ఏడు పిల్లల పండుగ నాటకంలో దావీదు వేషం నాకొచ్చింది. ఆడపిల్ల దావీదేంటని మగపిల్లలు మూతులు ముడుచుకున్నారు. నేను పట్టించుకుంటేగా! మా నాయిన జనపనారతో ఒడిసెల పేని ఇచ్చాడు... జొన్నచేలో పిట్టలను కొడతారే, ఆ ఒడిసెల. దావీదు చిన్నప్పుడు రాక్షసుణ్ని రాయితో పడగొట్టింది దాంతోనే. దాన్ని గిరగిరా తిప్పుకుంటూ వాడంతా తిరిగాను.

కానీ ఇంట్లో ఒక బాధ ఉండేది. నాయిన చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆ ఏడు గుడ్ ఫ్రైడే నాడు కల్లు తాగొచ్చి డోలక్ ముందు కూర్చున్నాడు... పాట మధ్యలో తూలి పడ్డాడు. మా చర్చిలో ఒక కట్టుబాటు. అలా చేసినవాళ్లు తలుపు దగ్గర, చెప్పుల పక్కన చాప మీద కూర్చోవాలి. అందరి ముందు నిలబడి "తప్పయింది" అనేదాకా లోపలికి రాకూడదు, డోలక్ ముట్టకూడదు.

ఆ కట్టుబాటు నడిపే సంఘపెద్ద ఎవరనుకున్నారు? మా మేనమామే! నాయినకు బావ. ఇంక చెప్పేదేముంది... "బావ ముంగట తలకాయ వంచాల్నా? నాతోని గాదు" అని నాయిన పంతం పట్టాడు.

ఆదివారాలు చెప్పుల పక్కనే గడిచిపోయేవి. లోపల పాట మొదలైతే ఆయన వేళ్లు మోకాలి మీద ఆడేవి. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. నాయిన మళ్లీ డోలక్ ముందు కూర్చుంటే చాలు, ఇంకేమీ వద్దు దేవుడా అనుకునేదాన్ని.

పండుగ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం పెద్దమ్మ దావీదు కథ మొత్తం చెప్పింది.

"రాజైనోడు ధర్మశాస్త్రం సొంత చేత్తోని రాసుకొని రోజు సదువాలె అని ఉండె బిడ్డా. బగ్గ పెండ్లిండ్లు చేసుకోవద్దని ఉండె. ఈయన చేసుకుండు. దేవుని ఆజ్ఞల పెట్టెను భుజాల మీదనే మొయ్యాలె అని ఉండె. ఈయన కొత్త బండి మీద ఎక్కిచ్చిండు. ఎడ్లు తడబడ్డయి... పెట్టె పడకుండ పట్టుకోవోయినోడు ఆడికాడనే సచ్చిపోయిండు. గివన్ని ఒకెత్తు. ఒకల పెండ్లాన్ని తెచ్చుకొని, ఆమె మొగున్ని లడాయిల ముంగట నిలబెట్టి సంపిచ్చిండు."

నేను ఒడిసెల తీసి చాటలోకి విసిరికొట్టాను. బీడీలన్నీ చెల్లాచెదురు!

"గిసొంటోని వేషం నేను కట్ట! గిట్ల చేసినోన్ని దేవుడు ఎందుకు ఉంచుకుండు?"

పెద్దమ్మ కోప్పడలేదు. బీడీలు ఏరుకుంటూ చెప్పింది.

"ప్రవక్త వచ్చి మొఖం మీదనే అడిగిండు. రాజు గదనే... ఆ ప్రవక్త తల తీపిచ్చచ్చు. తీపియ్యలే. దబాయించలే. తప్పయింది అని నేల మీద పడి ఏడ్సిండు. రాయి కొట్టుడు ఏమంత పెద్దది? పిలగాండ్లు గూడ కొడ్తరు. గా మాట అనెతందుకు గుండె గావాలె."

తిరిగి చూస్తే గుమ్మంలో నాయిన. నన్ను తీసుకుపోవడానికి సైకిల్ మీద వచ్చాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో ఏమో... నన్ను వెనక ఎక్కించుకున్నాడు. ఇల్లు వస్తుందనగా మెల్లగా అడిగాడు.

"అవునే బిడ్డా... గా దావీదు సితారా వాయిస్తుండె గదా. తప్పయిందన్నంక మల్ల వాయించిండా?"

నాకు తెలియదు. పెద్దమ్మ అంతదాకా చెప్పనేలేదు. అయినా "వాయించిండు నాయినా" అనేశాను.

పండుగ రోజు పొద్దున్నే మామ అడ్డం పడ్డాడు. "పిల్లల పండుగనాడు గా తప్పుల కథ ఎందుకక్కా? రాయి కొట్టుడు కాడికి సాలు."

"సగం దావీదును సూపిస్తే, మిగిలిన సగం ఏడ దాస్తవురా?" అంది పెద్దమ్మ. మామ పక్కకు తప్పుకున్నాడు.

రాయి కొట్టాను, రాక్షసుడు పడ్డాడు, చప్పట్లే చప్పట్లు! తర్వాత దుప్పటి కప్పుకున్న ప్రవక్త వచ్చి నా వైపు వేలు చూపించాడు. నేను మోకరించి ఒక్క మాట అనాలి... "తప్పయింది". అంతే. కానీ అప్పుడే నా చూపు తలుపు దగ్గర కూర్చున్న నాయిన మీద పడింది. మాట రాదే!

పెద్దమ్మ పెదవులు కదుపుతోంది. నాకు కళ్ల నీళ్లు తప్ప ఏమీ రావట్లేదు. అప్పుడు వినపడింది, చెప్పుల దగ్గర నుంచి...

"తప్పయింది."

నాకు మాట అందిస్తున్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నాయిన లేచాడు. లోపలికి నడిచొచ్చి మామ ముందు నిలబడ్డాడు.

"తప్పయింది బావా. తాగి డోలక్ ముట్టుకున్న. మీరు బయట కూసోబెడితే మిమ్ములనే తిట్టుకుంట తిరిగిన. తప్పు నాదే."

మామ మూలకు వెళ్లి డోలక్ తీసి, భుజం మీది తువ్వాలతో దుమ్ము తుడిచి తెచ్చి నాయిన చేతుల్లో పెట్టాడు.

"తాళ్లు ఒదులైనయి బావా... బిగించుకో" అన్నాడు.

నాయిన కళ్లు తుడుచుకుంటూనే తాళ్లు బిగించాడు. మొదటి దెబ్బ పడగానే నా వేషం సంగతే మర్చిపోయి ఎగిరాను చూడండి... అట్ట కిరీటం ఊడి ఎటో పడిపోయింది.

ఇప్పుడు మా చర్చిలో కీబోర్డు, ప్యాడ్లు వచ్చాయి. పిల్లల నాటకం రాయి కొట్టడంతోనే అయిపోతోంది... అందరూ ఫోన్లు పట్టుకుని వీడియో తీసుకుంటారు. చెప్పుల పక్కన చాప పోయింది, మంచిదే. కానీ చాపతో పాటు ఆ మాట కూడా పోయిందేమో అనిపిస్తుంది. ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో... ఎక్కడ చూసినా దబాయింపే.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా మీ ముందు "తప్పయింది" అన్న రోజు ఉందా? ఉంటే కింద రాయండి... చదవాలని ఉంది.

ఇక నాయిన ఆ రోజు సైకిల్ మీద అడిగిన ప్రశ్న... ఇప్పుడెవరు అడిగినా నాకు అనుమానమే లేదు. వాయించాడు. నేను విన్నాను.