బౌద్ధనగర్ నుంచి మెయిల్ సర్వర్ గది దాకా

శనివారం ఉదయం ఆరున్నరకు బౌద్ధనగర్‌లో ఇంటి నుంచి బయలుదేరాను. తార్నాక అవతల విశ్వవిద్యాలయంలో మెయిల్ సర్వర్ చూసుకునేది నేనే. సోమవారం తెల్లవారుజామున కరెంటు పోయి, బ్యాటరీలు ఖాళీ అయి అది ఆగిపోయింది. కొత్త బ్యాటరీల కోసం మూడుసార్లు రాశాను. మూడోసారి "అంత తొందరేముంది" అని నవ్విన అధికారి ముఖం నాకింకా గుర్తుంది. సోమవారం నుంచే ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. లోపలికి ఎవరూ వెళ్ళలేదు.

సర్వర్ ఆగినంత మాత్రాన మనకు రావలసిన మెయిల్ పోదు. పంపినవారి సర్వర్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, ఐదు రోజులు చూసి వెనక్కి పంపేస్తుంది. కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్న రాధికకు ఉద్యోగ ఇంటర్వ్యూ పిలుపు సోమవారం పదింటికి పంపారని, అదే పిలుపు అందిన తోటి అభ్యర్థి చెప్పిందట. అంటే ఈ రోజు పదింటితో సరి. వస్తానని ఆమె మధ్యాహ్నంలోగా ఆ మెయిల్‌కే జవాబివ్వాలి. ఆ సంస్థలో ఫోన్ ఎత్తేవారు లేరు.

బస్సుల్లేవు. సీతాఫల్‌మండి దగ్గర ఒక ఆటో అతను వంద అడిగాడు, అదీ తార్నాకకు ముందే దింపేస్తానన్నాడు. నడిచాను. ఏడుంపావుకు తార్నాక చౌరస్తా. సగం షట్టర్ దించిన టిఫిన్ సెంటర్లో నిలబడి, చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు తిన్నాను. రాధిక అక్కడే కలిసింది. నల్గొండ దగ్గరి ఊరు ఆమెది, హబ్సిగూడలో గది. నిన్నంతా దీక్షా శిబిరంలో నినాదాలిచ్చి గొంతు పోయింది.

"బంద్ మేమే జేస్తిమి, నా ఉత్తరమే ఆగె," అంది. "ఎవర్ని తిట్టాలె సార్?"

నా దగ్గర జాబితా ఉంది, మొదటి పేరు ఆ బ్యాటరీల అధికారిది.

గేటు దగ్గర ఎస్సై నా గుర్తింపు కార్డు చూసి గడువు తీరిందన్నాడు. కొత్త కార్డుకు ఎప్పుడో దరఖాస్తు పెట్టాను. ఆఫీసు ముద్ర పడిన నకలు సంచిలోనే ఉంటుంది, తీసి చూపించాను. ఆయన చదవలేదు, వెనక్కి పొమ్మన్నాడు. రోడ్డు మధ్య డివైడర్ మీద కూర్చుని, పావుగంటకోసారి లేచి అదే అడిగాను. చివరికి కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టాను.

"పంపనని రాసి సంతకం పెట్టండి. ఏ పని ఆగిందో కింద నేను రాస్తాను."

ఆయన కాగితం వంక చూశాడు. "నీతోటి పరేషానైతున్నది, పో," అని బారికేడ్ జరిపించాడు. రాధికను మాత్రం రానివ్వలేదు.

సర్వర్ గదిలో నిన్నటి బాష్పవాయువు ఘాటు ఇంకా ఉంది. కరెంటూ ఉంది. తడి రుమాలు ముక్కుకు కట్టుకుని తొమ్మిదింటికి స్విచ్ వేశాను. డిస్కుల తనిఖీ మొదలైంది. దాన్ని మధ్యలో ఆపేయవచ్చు. ఆపితే అందరి పాత ఉత్తరాలూ చెడిపోవచ్చు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది నలభై మూడుకు సర్వర్ లేచింది. ఇతరుల ఉత్తరాలు నేను తెరవను. ఎక్కడి నుంచి ఎవరికి చేరిందో మాత్రం తెరమీద కనిపిస్తుంది. తొమ్మిది యాభై ఆరుకు రాధిక పేరు వచ్చింది. ఫోన్ చేశాను.

పదకొండున్నరకు తిరుగు ప్రయాణం. రాధిక గేటు బయటే ఉంది. స్నేహితురాలి ఫోన్‌లో జవాబు పంపేసిందట. ఇంటర్వ్యూ సోమవారం, హబ్సిగూడలోనే. ఆ రోజూ బంద్ అంటున్నారు కదా, శిబిరంలో ఏమంటారని అడిగాను.

"పొద్దుగాల ఇంటర్వ్యూకు నడిచి వోత. మాపటికి శిబిరంల కూసుంట. రెండూ నాయే గద సార్."

ఆమె హబ్సిగూడ వైపు, నేను సీతాఫల్‌మండి వైపు నడిచాం. ఈ దారిన వెళ్ళేవారికి నేను చెప్పగలిగేది ఇంతే: బంద్ రోజున తార్నాకకు నడక ముప్పావుగంట. గేటు దగ్గర ఇంకో గంటకు పైగా పెట్టుకోండి. చేరడం మాత్రం చేరవచ్చు.